రెప్లికా బ్రౌన్ బెస్ బాగుచేత: నల్ల గొట్టం, మెరిసే వార్నిష్, రాని రవ్వలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎర్రకోటు_75
సెకండ్ హ్యాండ్‌లో షార్ట్ లాండ్ ప్యాటర్న్ బ్రౌన్ బెస్ (పాత బ్రిటిష్ సైన్యపు చెకుముకి మస్కెట్) రెప్లికా ఒకటి కొన్నాను. 42 అంగుళాల గొట్టం, .75 క్యాలిబర్. అమ్మినాయన "పైపైన తుడిస్తే చాలు" అన్నాడు. విప్పి వెలుతురులో చూస్తే గొట్టమంతా నల్లగా బ్లూయింగ్ (ఉక్కుకు నలుపు తెప్పించే రసాయన పూత) చేసి ఉంది, దాని కింద అక్కడక్కడా తుప్పు మచ్చలు. కర్ర మీద ప్లాస్టిక్ తొడుగులా మందపాటి వార్నిష్. ఇత్తడి సామానంతా కమిలిపోయింది. అన్నిటికన్నా చిరాకు ఏంటంటే, ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఫ్రిజెన్‌ను (రాయి కొట్టుకునే ఉక్కు పలకను) గీరుతోంది, రవ్వలు మాత్రం పడట్లేదు. ఎప్పుడో ఒకటి పడినా పాన్‌లోకి (అంటించే మందు పోసే చిన్న గిన్నెలోకి) చేరకముందే ఆరిపోతోంది.

మా యూనిట్ 1770ల నాటి బ్రిటిష్ పదాతి దళాన్ని రీఎనాక్ట్ చేస్తుంది, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలం. సీజన్ మొదలయ్యేలోపు దీన్ని వరుసలో నిలబెట్టాలి. ముందు గొట్టం పని పట్టనా, కర్రనా, లాకా (పేల్చే యంత్రాంగం)? చూసినకొద్దీ టెన్షన్‌గా ఉంది.

మూడో_వరుస
ఆ మూడూ కాదు. ముందు అది లోడ్ చేసి ఉందో లేదో చూడండి.

నిజంగానే చెబుతున్నాను. ముందు నుంచి మందు పోసే తుపాకీకి తెరిచి చూసే చాంబర్ ఉండదు. పాతది ఎవరి చేతుల మీదుగా వచ్చినా మందు లోపల ఉందనే అనుకోవాలి. కాక్‌లోంచి (రాయిని పట్టుకునే సుత్తిలోంచి) చెకుముకి తీసేయండి. రామ్‌రాడ్‌ను (మందు దట్టించే కడ్డీని) గొట్టంలోకి దింపి, మూతి దగ్గర దాని మీద గుర్తు పెట్టండి. బయటికి తీసి గొట్టం పక్కనే పట్టుకుని ఎక్కడి దాకా వెళ్ళిందో చూడండి. మీ ముఖం, చెయ్యి మూతికి ఎదురుగా ఉండకూడదు.

నిప్పురవ్వ
మూడో_వరుస చెప్పినదానికి ఒక సవరణ. కొలత గొట్టం చివరితో కాదు, టచ్‌హోల్‌తో (పాన్ నుంచి మంట గొట్టంలోకి వెళ్ళే చిన్న రంధ్రంతో) పోల్చాలి. వెనక బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక చివర మూసే మర బిరడా) కొంత లోపలికి దూరి ఉంటుంది కాబట్టి రాడ్ చివరి దాకా ఎలాగూ వెళ్ళదు. టచ్‌హోల్ దాకా చేరితే ఖాళీ. దానికి ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది.

ఎర్రకోటు_75
ఇప్పుడే చూశాను. టచ్‌హోల్‌కు రెండు వేళ్ళ వెడల్పు ముందే ఆగిపోయింది.

మూడో_వరుస
అయితే ఇంకేమీ ముట్టుకోకండి. "ఒక్కసారి పేల్చేస్తే పోతుంది కదా" అని ఎవరన్నా చెప్పినా వినకండి. టచ్‌హోల్‌లో డ్రిల్ బిట్ పెట్టొద్దు, గొట్టానికి వేడి తగలనివ్వొద్దు.

మూతిలోంచి, టచ్‌హోల్‌లోంచి నీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వండి. తడిసిన బ్లాక్ పౌడర్ అంటుకోదు. తర్వాత రాడ్ చివర వార్మ్ (మెలికల కొక్కెం) బిగించి మెల్లగా తిప్పుతూ లాగండి. ఒకటే గుర్తుపెట్టుకోండి, ఆరితే ఆ మందు మళ్ళీ అంటుకోగలదు. కాబట్టి అంతా బయటికి వచ్చేదాకా తడి ఆరనివ్వొద్దు. రాకపోతే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి, అది లోడ్ అయి ఉండొచ్చని ముందే చెప్పి మరీ.

కొత్తసిపాయి
అమ్మో. అమ్మినాయన చెక్ చేయకుండానే అమ్మేశాడా?

తుప్పుకు_శత్రువు
చాలామంది అంతే. గోడకు వేలాడదీసిన తుపాకీ ఖాళీదే అనుకుంటారు.

ఎర్రకోటు_75
వచ్చేసింది. మందు కాదు. ఎవరో తుడుస్తూ లోపల వదిలేసిన గుడ్డ ముక్క, దాని వెనక గట్టిపడిన మసి గడ్డ. వేడినీళ్ళు పోస్తే చాలాసేపు నల్లటి నీళ్ళే వచ్చాయి. ఇప్పుడు రాడ్ టచ్‌హోల్ దాటి వెళుతోంది, వదిలితే ఖంగుమంటోంది కూడా. మూడో_వరుస గారూ, మీకు రుణపడిపోయాను.

మూడో_వరుస
ఆ ఖంగు మన యూనిట్లలో తనిఖీకి కూడా పనికొస్తుంది. గొట్టం శుభ్రంగా, ఖాళీగా ఉంటే రాడ్ మోగుతుంది. మసి గానీ మందు గానీ ఉంటే చప్పగా తగులుతుంది. రుణం సంగతి తర్వాత. లోపల ఆరబెట్టి పలచగా నూనె పట్టించండి, లేకపోతే రేపటికి ఎర్ర తుప్పు.

కొలిమి_దగ్గర
ఇక రవ్వల సంగతికి వద్దాం. గొట్టం, కర్ర అందం కోసం. లాక్ పనిచేయకపోతే మీ చేతిలో ఉన్నది బయొనెట్ తగిలించిన కర్ర.

రవ్వ ఎలా పుడుతుందో తెలిస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. చెకుముకి మండదు. దాని పదునైన అంచు ఫ్రిజెన్ ఉక్కు లోంచి సన్నటి తునకలు చెక్కుతుంది. ఆ రాపిడి వేడికి తునకలు గాలిలో అంటుకుంటాయి. కాబట్టి ఫ్రిజెన్ ముఖం గట్టిగా, కార్బన్ తగినంతగా ఉండాలి. మెత్తగా ఉంటే చెకుముకి దాన్ని దున్నేస్తుంది, లోతు గీతలు తప్ప రవ్వలుండవు. మరీ గట్టిగా ఉంటే రాయి జారిపోతుంది, గీత కూడా పడదు.

మీ ఫ్రిజెన్ ముఖం మీద ఏం కనిపిస్తోంది? ఒక మంచి ఆకురాయి తీసుకుని ఫ్రిజెన్ అంచున, రాయి తగలని చోట, మెల్లగా రుద్దండి. ఆకురాయి జారితే గట్టిది, కొరికితే మెత్తది.

ఎర్రకోటు_75
లోతైన గీతలున్నాయి. ఆకురాయి హాయిగా కొరుకుతోంది.

కొలిమి_దగ్గర
అయితే గట్టిపరచాలి. కానీ దానికి ముందు ఖర్చులేని పనులు చేసి చూడండి. చెకుముకి అంచు ఫ్రిజెన్‌కు సమాంతరంగా ఉందా? ఒక మూల మాత్రమే తగిలితే సగం రవ్వలు పోతాయి. కాక్ దవడల మధ్య రాయిని తోలు ముక్కలో చుట్టి బిగించారా? దెబ్బ ఫ్రిజెన్ పైభాగంలో, ఎత్తులో సుమారు మూడింట రెండు వంతుల దగ్గర పడి, అక్కడి నుంచి కిందికి గీరుకుంటూ రావాలి. కింద తగులుతుంటే రాయిని తిరగేసి పెట్టండి, వాలు పైకి ఉన్నది కిందికి. కొన్ని లాకులకు ఒకటి నచ్చుతుంది, కొన్నిటికి ఇంకొకటి.

చార్లెవిల్_అభిమాని
ఫ్రిజెన్ స్ప్రింగ్ కూడా చూడండి. మరీ బిగువుగా ఉంటే రాళ్ళు పగులుతాయి. మరీ వదులైతే ఫ్రిజెన్ ఎగిరి, తిరిగొచ్చి రాయిని కొడుతుంది.

అన్నట్టు 1777 మోడల్ ఫ్రెంచ్ మస్కెట్ అయితే పాన్ ఇత్తడిది, తుప్పు బెడద ఉండేది కాదు. ఊరికే గుర్తుచేశాను.

ఎర్రకోటు_75
ఎర్రకోటు వేసుకునేవాడికి ఫ్రెంచ్ తుపాకీ అంటగట్టాలని చూస్తున్నారు.

అవిసెనూనె
ప్రతి థ్రెడ్‌లోనూ ఇదే చేస్తాడు, పట్టించుకోవద్దు.

ఎర్రకోటు_75
రాయి తిప్పి చూశాను. కొంచెం మెరుగు, అంతే. ఫ్రిజెన్‌ను నేనే గట్టిపరచొచ్చా?

కొలిమి_దగ్గర
అది ఏ ఉక్కో తెలియాలి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు అయితే అయస్కాంతం అంటుకోని దాకా, అంటే సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా ఎర్రగా కాల్చి, నూనెలో ముంచితే గట్టిపడుతుంది. వెంటనే టెంపర్ చేయాలి, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్ళీ మెల్లగా వేడిచేయాలి. ముఖం లేత గడ్డి రంగు దగ్గర ఆగాలి. కింద తిరిగే భాగం, స్ప్రింగ్ మీద ఆనే తోక మాత్రం నీలం రంగు దాకా పోవాలి. లేకపోతే మొదటి రోజే విరుగుతుంది. ఈ రంగులు ఉక్కు పైన పలచని పొరగా వస్తాయి. అందుకే ముందు పాలిష్ చేసి ఉంచాలి, అప్పుడే కనిపిస్తాయి.

కార్బన్ తక్కువున్న ఉక్కు అయితే ఎంత కాల్చి ముంచినా ఏమీ కాదు. దానికి కేస్ హార్డెనింగ్ చేయాలి. ఎముక బొగ్గు, కర్ర బొగ్గు పొడిలో ఫ్రిజెన్‌ను మూసిపెట్టి, సుమారు 900 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే పై పొరలోకి కార్బన్ ఇంకుతుంది. పొర పలచగా ఉంటే కొన్నాళ్ళకు అరిగిపోయి మళ్ళీ మొదటికే వస్తారు. పాత కాలంలో అరిగిన ఫ్రిజెన్ ముఖానికి మంచి ఉక్కు రేకు ఒకటి అతికేవాళ్ళు. అది ఇప్పటికీ బాగా నిలిచే పద్ధతి.

నా సలహా: ఈ ఒక్క పనీ అనుభవం ఉన్నవాళ్ళకు ఇవ్వండి. మిగతాదంతా మీరే చేసుకోవచ్చు.

నిప్పురవ్వ
ఇక్కడ నేను ఒప్పుకోను. ఓపిక, ఒక కొలిమి, అయస్కాంతం ఉంటే ఇంట్లోనూ అవుతుంది.

కొలిమి_దగ్గర
అవుతుంది. కానీ ఆయనకు సీజన్ దగ్గరపడుతోంది. ఫ్రిజెన్ వంకర తిరిగితే పాన్ మీద సరిగ్గా కూర్చోదు, రంజకం (పాన్‌లోని మందు) జారిపోతుంది. నేర్చుకోవడానికి వేరే ముక్క తీసుకోమనండి.

మూడో_వరుస
లాక్ విప్పారు కాబట్టి హాఫ్ కాక్ కూడా పరీక్షించండి. కాక్‌ను సగం లాగి ఆపి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి. కాక్ కదలకూడదు. చాలా యూనిట్ల తనిఖీలో హాఫ్ కాక్‌లో ఉంచి, ట్రిగ్గర్ దగ్గర పట్టుకుని తుపాకీ మొత్తం బరువు ఎత్తి చూస్తారు. జారిందంటే ఆ రోజు మీరు ప్రేక్షకుల్లో కూర్చోవాల్సిందే. లాక్ లోపల కాక్‌ను ఆపి ఉంచే టంబ్లర్ గాడి, సియర్ ముక్కు అరిగితే ఇలా అవుతుంది. వాటిని ఆకురాయితో సరిచేయాలని చూడకండి, కోణం కొంచెం మారినా ప్రమాదం.

తుప్పుకు_శత్రువు
నా వాటా గొట్టం.

ముందు విప్పడం. పక్క మరలు రెండూ కొద్దిగా వదులు చేసి, వాటి తలల మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. లాక్ తనంతట తానే కర్రలోంచి లేస్తుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే అంచు చెక్క పెచ్చులూడుతుంది. బ్రౌన్ బెస్‌లో గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచేవి పిన్నులు. సరిపడే పంచ్ పెట్టి ఒకవైపు నుంచి మాత్రమే నెట్టండి. ఏ పిన్ను ఏ రంధ్రానిదో రాసి పెట్టుకోండి.

చార్లెవిల్_అభిమాని
అందుకే మా చార్లెవిల్‌కు (ఆ ఫ్రెంచ్ మస్కెట్‌కు) బ్యాండ్లు. స్ప్రింగ్ నొక్కితే బ్యాండ్ జారుతుంది, గొట్టం చేతిలో ఉంటుంది.

అవిసెనూనె
వచ్చాడు.

పాతచెక్క
ఆ మాటలో మాత్రం నిజముంది. పిన్నుల మస్కెట్‌ను మాటిమాటికీ విప్పడం మంచిది కాదు, రంధ్రాలు వదులవుతాయి. ఒకసారి విప్పినప్పుడే అన్ని పనులూ చేసుకోవాలి. గొట్టం కింద ఉన్న లగ్గుల (పిన్నులు దూరే చిన్న లోహపు ముక్కల) రంధ్రాలను కొద్దిగా పొడవుగా సాగదీస్తే ఇంకా మంచిది. చెక్క తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకున్నప్పుడు పిన్ను అడ్డుపడి కర్ర చీలకుండా ఉంటుంది.

తుప్పుకు_శత్రువు
మధ్యలో వదిలేశాను. బ్లూయింగ్ తీయడానికి తెల్ల వెనిగర్ చాలు. గుడ్డ తడిపి రుద్దుతూ ఉంటే నలుపు కరుగుతుంది. తొట్టిలో గంటలకొద్దీ నానబెట్టొద్దు, లోహం బూడిద రంగుకు తిరిగి గరుకవుతుంది. నలుపు పోగానే బేకింగ్ సోడా నీళ్ళతో కడిగి, వేడినీళ్ళతో మళ్ళీ కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. ఆ గంటలో తుప్పు ఎంత తొందరగా పడుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

తర్వాత ఎమెరీ కాగితం. చదునైన చెక్క ముక్కకు చుట్టి, నూనెతో, పొడవునా రుద్దాలి, అడ్డంగా కాదు. 220తో మచ్చలు పోగొట్టి, 320, 400, చివరికి 600. అద్దంలా మెరిపించొద్దు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. గొట్టం మీద ప్రూఫ్ ముద్రలు, సీరియల్ నంబర్ ఉంటే ఆ చోటు ముట్టుకోవద్దు. నంబర్ చెరిపేయడం చాలా దేశాల్లో నేరం. ప్రూఫ్ ముద్ర అంటే ఆ గొట్టం ఒత్తిడి పరీక్ష తట్టుకుందన్న సాక్ష్యం.

కొత్తసిపాయి
నలుపు ఎందుకు తీయాలి? నల్లగా ఉంటేనే బాగుంటుంది కదా. ఎండలో మెరవదు, తుప్పు తక్కువ.

తుప్పుకు_శత్రువు
వాడుకకు మంచిదే. కానీ 1770ల బ్రిటిష్ సిపాయి చేతిలో అది ఉండదు. ఇప్పటి కెమికల్ బ్లూయింగ్ అప్పట్లో లేదు. వాళ్ళ మస్కెట్ గొట్టాలు తెల్లగా మెరిసేవి. ఇటుక పొడి, నూనె పెట్టి సిపాయిలు రుద్దుతూనే ఉండేవాళ్ళు. బ్రిటిష్ సాధారణ పదాతి దళం గొట్టాలకు బ్రౌనింగ్ (గోధుమ రంగు) పూత వచ్చింది 19వ శతాబ్దంలోకి అడుగుపెట్టాకే. అంతకుముందు బేకర్ లాంటి రైఫిళ్ళకు ఉండేది.

నిప్పురవ్వ
మిలీషియా వేషం అయితే వేరు. ఇంటి నుంచి తెచ్చుకున్న వేట తుపాకీకి గోధుమ రంగు గొట్టం ఉండొచ్చు. ఎవరిని చూపిస్తున్నాం అన్నది ముందు తేల్చుకుంటే రంగు దానంతట అదే తేలుతుంది.

పాతచెక్క
నా మాట కొంతమందికి నచ్చదు. మరీ కొత్తగా మెరిస్తే నకిలీలా కనిపిస్తుంది. గొట్టానికి కాస్త బూడిద ఛాయ, కర్రకు అక్కడక్కడా నొక్కులు, ఇత్తడికి ముదురు రంగు ఉంటే చూసేవాళ్ళకు పాత కాలం అనిపిస్తుంది. మ్యూజియంలో చూసిన అసలువి అలాగే ఉన్నాయి.

మూడో_వరుస
పాతచెక్క గారూ, మ్యూజియంలో ఉన్నది రెండు వందల యాభై ఏళ్ళ తర్వాతి మస్కెట్. సిపాయి చేతిలో ఉన్నప్పుడు దానికి ఆ వయసు లేదు. ఆయన దాన్ని రోజూ తుడిచేవాడు, సార్జెంట్ రోజూ చూసేవాడు. మనం చూపించేది ఆ రోజుని కదా. ఆవముద్ద, వెనిగర్ పూసి తుప్పు రంగు తెప్పించుకున్న మస్కెట్లు పెరేడ్‌లో కనిపిస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ సిపాయి పడ్డ శ్రమను మనం చెరిపేసినట్టు ఉంటుంది. ఆయన చేతులు నల్లబడింది ఆ గొట్టం మెరవడం కోసమే.

నిజంగా ఏళ్ళ తరబడి వాడితే వచ్చే అరుగుదల వేరు. పిడి దగ్గర చెయ్యి పట్టే చోట నునుపు, రామ్‌రాడ్ రాసుకున్న గీత. అవి వాటంతట అవే వస్తాయి, రానివ్వండి.

పాతచెక్క
సుదూర దండయాత్రలో ఉన్న దళం కూడా రోజూ మెరిపించిందా? వానలో, బురదలో?

మూడో_వరుస
మెరుపు తగ్గి ఉంటుంది, ఒప్పుకుంటాను. తుప్పు పట్టనిచ్చి ఉండరు. తుప్పు పట్టిన లాక్ పేలదు, పేలకపోతే చచ్చేది వాళ్ళే.

పాతచెక్క
ఇందులో మనిద్దరికీ ఎప్పటికీ కుదరదు గానీ, ఆఖరి మాట బాగుంది. కర్ర గురించి నేను చెబుతాను, అక్కడ గొడవ ఉండదు.

వార్నిష్ తీయడానికి ఉప్పుకాగితంతో మొదలుపెట్టకండి. స్ట్రిప్పర్ పూసి మెత్తబడ్డాక మొద్దు స్క్రేపర్‌తో ఎత్తండి. లాక్ చుట్టూ, బట్ ప్లేట్ దగ్గర చెక్క లోహం కన్నా వెంట్రుకంత ఎత్తుగా ఉండాలి. అక్కడ కాగితం రుద్దితే చెక్క తగ్గి, లోహం అంచు బయటపడుతుంది, తిరిగి తేలేరు. ఆ భాగాల్లో ఇత్తడి సామాను బిగించి ఉండగానే స్క్రేపర్ పట్టండి.

నొక్కులుంటే తడిగుడ్డ వేసి, వేడి ఇస్త్రీ పెట్టె ఆనించండి. ఆవిరికి చెక్క పీచు లేస్తుంది. ఇది పీచు తెగని నొక్కులకే, కోతలకు కాదు. చివర్లో కర్ర మొత్తం తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది. దాన్ని సన్నటి కాగితంతో తీసేయాలి. తర్వాత వానలో తడిసినా కర్ర గరుకెక్కదు.

ఇంతకీ మీది ఏ చెక్క? వాల్‌నట్ అయితే నూనె బాగా తాగుతుంది. కొన్ని రెప్లికాలకు టేకు వాడతారు. టేకులో తన నూనె తనకే ఉంటుంది, ముందు అసిటోన్‌తో తుడవకపోతే పైన రాసింది పట్టదు.

ఎర్రకోటు_75
వాల్‌నట్. తాంగ్ (గొట్టం వెనక కర్రకు బిగించే తోక) వెనక చిన్న చీలిక కూడా కనిపించింది.

పాతచెక్క
ఆ చీలికను వదలొద్దు. ప్రతి పేలుడుకూ గొట్టం వెనక్కి తన్నే చోటు అది. మెల్లగా తెరుచుకునేలా వంచి, పలచటి ఎపాక్సీ లోపలికి పంపి, బిగించి ఉంచండి. నూనె పట్టించకముందే చేయాలి, నూనె పట్టాక జిగురు అంటదు.

అవిసెనూనె
నా పేరే పెట్టుకున్నాను కాబట్టి నూనె మాట నాది. పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది. బజారులో 'బాయిల్డ్' అని దొరికేదానిలో ఆరబెట్టే లోహ లవణాలు కలుపుతారు, ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. పలచగా పూసి, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్ది, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేయండి. మందంగా పూస్తే జిగటగా మిగిలిపోతుంది, దుమ్మంతా అంటుకుంటుంది. మొదటి వారం రోజుకోసారి, తర్వాత నెల వారానికోసారి, ఆ తర్వాత నెలకోసారి అని పాత లెక్క. గొట్టం కూర్చునే కాలువలో, లాక్ గుంటలో కూడా పూయండి. తేమ దూరేది అక్కడి నుంచే.

ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. బయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన మూత డబ్బాలో ముంచండి. మా యూనిట్‌లో ఒకాయన షెడ్డు ఇలాగే కాలింది.

కొత్తసిపాయి
ఇది నాకు అస్సలు తెలియదు. ఇప్పుడే వెళ్ళి నా గుడ్డలు చూసొస్తాను.

తుప్పుకు_శత్రువు
ఇత్తడిని కర్ర మీద ఉండగా పాలిష్ చేయొద్దు. ఆ నల్లటి పేస్టు చెక్క పీచులోకి దిగితే పోదు. విప్పి చేయండి. లేదా చుట్టూ టేపు వేయండి. పైన లక్క పూత ఉంటే ముందు అసిటోన్‌తో తీసేయాలి.

ఎర్రకోటు_75
అప్‌డేట్. ఫ్రిజెన్ బయట ఇచ్చి కేస్ హార్డెనింగ్ చేయించాను. చీకట్లో చూశాను, పాన్‌లోకి రవ్వలు గుంపుగా దిగుతున్నాయి, కొన్ని పాన్‌లో పడ్డాక కూడా మెరుస్తున్నాయి. గొట్టం నలుపు పోయి 400 దగ్గర ఉన్నాను. కర్రకు చీలిక అతికింది, వార్నిష్ కింద అంత మంచి వాల్‌నట్ రేఖలున్నాయని ఊహించలేదు. ప్రూఫ్ ముద్రలు అలాగే ఉన్నాయి. హాఫ్ కాక్ బరువు ఆపింది.

మైదానంలోకి దిగే ముందు ఇంకేమన్నా ఉందా?

కొలిమి_దగ్గర
రవ్వలు పాన్‌లో పడ్డాక కూడా వెలుగుతున్నాయంటే పని బాగా కుదిరింది. టచ్‌హోల్ ఒకసారి కొలవండి. సుమారు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉండాలి. అరిగి పెద్దదైతే మంట పక్కవాడి చెవి వైపు ఎక్కువ చిమ్ముతుంది. అప్పుడు రంధ్రానికి లైనర్ (లోపలి తొడుగు) వేయించాలి.

మూడో_వరుస
పాన్ పక్కన ఇత్తడి ఫ్లాష్ గార్డ్ బిగించండి. అసలు మస్కెట్‌కు అది లేదు, నిజమే, కానీ వరుసలో మీ కుడి పక్కన నిలబడేవాళ్ళ ముఖం కోసం అది ఉండాల్సిందే. ఫ్రిజెన్‌కు తోలు తొడుగు, అది వేసి ఉంటే రవ్వ పుట్టదు. బ్లాక్ పౌడర్ తప్ప వేరే మందు వద్దు. పొగ రాని ఆధునిక పౌడర్ వేస్తే గొట్టం చీలుతుంది. గొట్టం వెనక బ్రీచ్ ప్లగ్ మర గన్‌స్మిత్‌తో చూపించకుండా ఒక్క రౌండ్ కూడా కాల్చొద్దు, ఖాళీ తూటాలైనా సరే. మైదానంలో రామ్‌రాడ్ బయటికి తీయకూడదని చాలా యూనిట్ల నియమం. ఎందుకంటే హడావుడిలో దాన్ని గొట్టంలో మర్చిపోయి కాల్చినవాళ్ళు ఉన్నారు.

తుప్పుకు_శత్రువు
కాల్చిన రోజే కడగాలి. బ్లాక్ పౌడర్ మసి గాల్లోని తేమ పీల్చి ఉక్కును తినేస్తుంది. వేడినీళ్ళు ముందు, నూనె తర్వాత. మసి మీద నేరుగా నూనె రాస్తే తారులా గట్టిపడుతుంది.

ఎర్రకోటు_75
గన్‌స్మిత్ దగ్గరికి రేపు బ్రీచ్ ప్లగ్ చూపించడానికి వెళుతున్నాను. ఒక చిన్న ప్రశ్న: రాయికి తోలే చుట్టాలా, సీసం రేకు వాడొచ్చా? మా సార్జెంట్ సీసమే అంటున్నారు.

కొలిమి_దగ్గర
సైన్యాల్లో రెండూ వాడారు. సీసం రాయిని గట్టిగా పట్టుకుంటుంది, కానీ కాక్‌కు బరువు పెరుగుతుంది. మీ లాక్ కొత్తగా సర్దుకుంటోంది కాబట్టి ఈ సీజన్ తోలుతో నడపండి. ప్రతి పది పన్నెండు దెబ్బలకు దవడ మర బిగువు చూసుకోండి.